జర్మనీ జీతంలో చేతికందేది ఎంత?

ప్రశ్న: జర్మనీలోని ఒక సంస్థలో నాకు ఏడాదికి 54,000 యూరోల జీతంతో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. మాకు పిల్లలు లేరు. ముందు నేను వెళ్లి, ఆరు నెలల తర్వాత నా భార్యను తీసుకువెళ్దామనుకుంటున్నాను. ఖర్చులు పోను ఏమైనా మిగులుతుందా? వెళ్లేటప్పుడు చేతిలో ఎంత ఉంచుకోవాలి?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: జీతాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకోవడం కొంతకాలం మానుకోండి, మీరు అక్కడ ఖర్చుపెట్టేది కూడా యూరోల్లోనే. నెలకు 4,500 యూరోలని కాగితం మీద కనిపించే జీతంలోంచి ఆదాయపు పన్ను, పెన్షన్, ఆరోగ్య బీమా, నిరుద్యోగ బీమా, దీర్ఘకాలిక సంరక్షణ బీమా వాటాలను ముందే మినహాయిస్తారు గనుక, 2025 రేట్ల ప్రకారం మీ చేతికి వచ్చేది సుమారు 2,850 యూరోలు. ఇందులో పెన్షన్‌కే 9.3 శాతం పోతుంది. ఆరోగ్య బీమాకు కట్టేది మాత్రం వృథా కాదు. ప్రభుత్వ బీమాలో చేరితే, అక్కడికి వచ్చి సంపాదన లేకుండా ఉన్న భార్యకు కూడా అదనపు చందా లేకుండా అదే బీమా వర్తిస్తుంది.

ఇక అసలు ఖర్చు ఇంటి అద్దె. ప్రకటనల్లో కనిపించే ‘కాల్ట్‌మీటె’ ఉత్త గోడలకు కట్టే అద్దె మాత్రమే. నీళ్లు, చెత్త, మెట్ల శుభ్రత, చాలాచోట్ల ఇంటిని వెచ్చగా ఉంచే హీటింగ్ ఖర్చు కూడా కలిస్తే అది ‘వార్మ్‌మీటె’ అవుతుంది. కరెంటు, ఇంటర్నెట్ సాధారణంగా దానికీ అదనమే. ‘గోడలకు’ అని ఊరికే అనలేదు. చాలా ఇళ్లలో వంటగది ఉండాల్సిన చోట గోడలోంచి బయటికి వచ్చిన రెండు పైపులు, ఒక ప్లగ్గు తప్ప సింకు గాని, స్టవ్ గాని, అలమరా గాని ఉండవు. వాటిని మీరే కొనుక్కోవాలి, లేదా ఖాళీ చేసి వెళ్తున్నవారి దగ్గర బేరమాడి తీసుకోవాలి. అందుకే ‘ఐన్‌బావ్‌క్యూషె’ (అన్నీ అమర్చిన వంటగది) ఉందని రాసిన ఇంటికి నెలకు కొంచెం ఎక్కువైనా సరే మొగ్గు చూపమంటాను.

అడ్వాన్సు మూడు నెలల కాల్ట్‌మీటెకు మించకూడదని చట్టం చెబుతోంది. దాన్ని మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు కూడా మీకుంది, యజమానులు ఆ మాట తమంతట తాము చెప్పడం అరుదు. అద్దె 900 యూరోలైతే అడ్వాన్సు 2,700 వరకు ఉండవచ్చు. జీతం సాధారణంగా నెలాఖరుకు పడుతుంది, శాశ్వతమైన ఇల్లు దొరికేదాకా తాత్కాలిక గదికి కూడా కట్టాలి కాబట్టి, 5,000 నుంచి 6,000 యూరోలు దగ్గరుంటే ఊపిరాడుతుందని నా అంచనా. మ్యూనిక్ అయితే 6,000 అంకెనే పట్టుకోండి.

ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఇంటి యజమాని ఇచ్చే ధ్రువపత్రంతో స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. పన్ను గుర్తింపు సంఖ్య ఆ తర్వాతే పోస్టులో వస్తుంది, కాబట్టి పోస్టు డబ్బా మీద మీ పేరు అంటించడం మరచిపోవద్దు. రేడియో, టీవీ రుసుము కింద ఇంటికి నెలకు 18.36 యూరోలు కట్టమని ఉత్తరం కూడా వస్తుంది. ఇంట్లో టీవీ లేకపోయినా అది తప్పదు.

మీ భార్య భారత్‌లో ఉన్నంతకాలం మీరు పన్నులో ఒకటో తరగతి (ఒంటరివారి పన్ను వర్గం) కిందే ఉంటారు. ఆమె వచ్చి చిరునామా నమోదు చేసుకున్నాక, ఆమెకు సంపాదన లేకపోతే, మీరు మూడో తరగతికి మారవచ్చు. అప్పుడు నెలకు కొన్ని వందల యూరోలు ఎక్కువగా చేతికొస్తాయి. ఆమె పేరిట నమోదుకు వివాహ ధ్రువపత్రం, దాని జర్మన్ అనువాదం అడుగుతారు, వాటిని ఇక్కడే సిద్ధం చేయించుకుని వెళ్లండి.