పాపా, ముందు శాసనం అచ్చు తియ్యి, తర్వాతే ఎవరికైనా చెప్పు

పాపా,

నువ్వు ఆదివారాలు చరిత్ర సంఘం వాళ్ళతో శాసనాలు, వీరగల్లులు (చనిపోయిన వీరుల గుర్తుగా నిలబెట్టిన రాళ్ళు) వెతకడానికి పోతున్నావని మీ నాయన నిన్న ఫోన్లో చెప్పినాడు. రాత్రంతా నిద్ర లేదు నాకు. మనింట్లో ఒకరికైనా రాళ్ళ మీద ప్రేమ పుట్టిందని సంతోషం, ఆ కంపచెట్లలో ఎక్కడ తిరుగుతుందో పిల్ల అని బెంగ.

షూ వేసుకో, కర్రతో కంప కదిలించి అడుగు పెట్టు, ఒంటరిగా పోవద్దు. రైతుని అడగకుండా పొలంలో దిగొద్దు, రాయి బయటపడితే గవర్నమెంటు భూమి లాక్కుంటుందని వాళ్ళకి భయం, కాసేపు కూర్చుని మాట్లాడు. వైర్ బ్రష్షుతో గీకడం, యాసిడ్ పొయ్యడం, అక్షరాలకి పెయింట్ పుయ్యడం ఎవరు చేసినా అక్కడే ఆపించు.

ఇప్పుడు అసలు సంగతి, ఇది మీ పెద్దమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు. నాకు పాతికేళ్ళప్పుడు, కొత్తగా టీచరు ఉద్యోగం. సాయంత్రం సైకిల్ మీద వస్తుంటే పొలం గట్టు మీద నిలువురాయి, మధ్యాహ్నం చూస్తే నున్నటి బండే, సాయంత్రం ఎండ పక్కనుంచి పడేసరికి అక్షరాలన్నీ లేచి నిలబడినాయి. పైన సూర్యుడు, చంద్రుడు. జేబులో ఉన్న నోటుబుక్కులో మొదటి వరస రాసుకున్నా, "స్వస్తిశ్రీ జయాభ్యుదయ శాలివాహన శకవర్షంబులు", అంతలో చీకటి పడింది, ఆదివారం వచ్చి మిగతాది రాసుకుందాంలే అని లేచొచ్చినా. ఆ ఆనందం పట్టలేక బస్టాండు టీకొట్టులో పదిమంది ముందు చెప్పేసినా, ఏ గట్టు, ఎన్నో మలుపు, పైన సూర్యచంద్రులు ఉన్నారు అని అన్నీ.

ఆదివారం పోయేసరికి నడుము లోతు గుంత. నిమ్మకాయలు, కుంకుమ, కోడి ఈకలు. రాయి మూడు ముక్కలై ఉంది, అక్షరాలున్న ముఖం పెచ్చులు పెచ్చులు ఊడిపోయింది. సూర్యచంద్రులు ఉన్నంతకాలం ఆ దానం చెల్లాలని చెక్కిన గుర్తుని నిధి గుర్తు అనుకున్నారు పాపా. నేను రాసుకున్న వరస ఎన్ని వందల శాసనాల్లోనో ఉండేదే. దాని తర్వాతే ఉంటాయి ఏ సంవత్సరం, ఏ రాజు, ఎవరు ఎవరికి ఏ చెరువు కింద ఎంత మడి ఇచ్చినారో. అదంతా పోయింది. ఆ ఊరి వాళ్ళకి వాళ్ళ ఊరి సంగతి చెప్పే రాయి నా నోటి వల్ల పోయింది.

అందుకే చెప్తున్నా, వాట్సాప్ స్టేటస్సులో, ఇన్‌స్టాలో ఫొటో పెట్టొద్దు, ఫోన్లో లొకేషన్ ఆఫ్ చెయ్యి. రాయి దొరికిన రోజే ఫొటోలు తియ్యి, టార్చి ఎదురుగా కాదు పక్కనుంచి వెయ్యాల. సంఘంలో అనుభవం ఉన్నవాళ్ళ పక్కన కూర్చుని అచ్చు తియ్యడం నేర్చుకో: రాయి నీళ్ళతో తుడిచి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో మెల్లగా కొడతా పోతే అక్షరాల గుంతల్లోకి కాగితం దిగుతుంది, పైన సిరా అద్దితే నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు. తొందరపడి లాగితే చిరుగుతుంది, ఆరనియ్యి. తర్వాత పురావస్తు శాఖకి చెప్పండి. నాణేలైనా బంగారమైనా కనపడితే ముట్టుకోవద్దు, కలెక్టరుకి తెలపాలని 1878 చట్టమే ఉంది.

కలమల్ల ఎప్పుడైనా తీసుకుపో నన్ను. క్రీ.శ. 575 నాటి, ఈ సీమని ఏలిన రేనాటి చోళుల శాసనం అది, తెలుగులో మొట్టమొదటిదని చెప్పేది, మన కడప జిల్లాలోనే, చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో. కడపలో బ్రౌన్ లైబ్రరీకి కూడా పోదాం, కుంపిణీ కాలంలో మెకంజీ దొర మనుషులు ఊరూరా రాయించిన కైఫీయతుల్లో, అంటే ఊళ్ళ చరిత్రల్లో, మన ఊరు ఉందేమో చూడాల.

పండక్కి వచ్చినప్పుడు ఆ నోటుబుక్కు నీకే ఇస్తా, బీరువాలో ఉంది. ఒక పేజీలో ఒక్క వరసే ఉంటుంది, మిగతా పేజీలు తెల్లగానే ఉన్నాయి, నువ్వు రాసుకో. పోయేముందు, ఇంటికి చేరినాక, రెండుసార్లూ ఫోన్ చెయ్యి.

మీ పెదనాయన