రెడీమేడ్ ముక్కలు అతికిస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. కాలేజీ ఫెస్ట్ ఫొటోలు, వాటి క్యాప్షన్లు కనిపించేలా సొంతంగా రియాక్ట్‌లో (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) ఒక వెబ్ అప్లికేషన్ చేశాడు. బటన్లు, ఫొటో వరుసల్లాంటివి ముందే తయారుచేసి ఇచ్చే మెటీరియల్ యూఐ లైబ్రరీ వాడాడట. ‘రెడీమేడ్ ముక్కలు అతికించాడు, దీనికి ఉద్యోగం ఎవరిస్తారు’ అంటున్నాడు మా బావమరిది. అమీర్‌పేటలో ఫుల్‌స్టాక్ (వెబ్‌సైట్ ముందు వైపు, సర్వర్ వైపు పని రెండూ నేర్పే) కోర్సులో చేర్చాలా, డేటా సైన్స్‌కి మళ్లించాలా? ఏది మేలో చెప్పండి.
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: కోర్సుల పేర్లు మారతాయి గానీ ఈ ఉత్తరం నాకు కొత్త కాదు. నాలుగేళ్లు ఫీజులు కట్టాక కొడుకు ఇంట్లో ఖాళీగా కూర్చుంటాడేమోనన్నదే మీ టెన్షన్. ఎవరూ చెప్పకుండా ఒక పని మొదలుపెట్టి పూర్తిచేసిన పిల్లాడి గురించి అంత కంగారు అక్కర్లేదండీ.

రెడీమేడ్ ముక్కలంటారా, కంపెనీల్లోనూ వాటితోనే పని నడుస్తుంది. ప్రతి బటన్నూ మొదటినుంచి రాస్తూ కూర్చుంటే ఏ మేనేజరూ ఊరుకోడు. ఆ ముక్క లోపల ఏముందో తెలుసా అన్నదే ఇంటర్వ్యూలో చూస్తారు. ఉదాహరణకు, మెటీరియల్ యూఐలో ‘ఇమేజ్ లిస్ట్ ఐటమ్ బార్’ అనే ముక్క క్యాప్షన్‌ని మామూలుగా ఫొటో మీదే, అడుగున నల్లటి పట్టీలా వేస్తుంది. ఫొటో కిందికి దించాలంటే పొజిషన్ అనే సెట్టింగ్‌ని ‘బిలో’ అని మార్చాలి. ఎక్కడ పెట్టినా, పేజీ రాసే హెచ్‌టీఎంఎల్‌లో అది ఒట్టి డివ్, అంటే లోపల ఏముందో చెప్పని ఉత్త పెట్టె. ఇలాంటిదే మరో లైబ్రరీ రియాక్ట్ బూట్‌స్ట్రాప్‌లోని ‘ఫిగర్’ అయితే ఫొటోనీ క్యాప్షన్‌నీ జతచేసే అసలైన ఫిగర్, ఫిగ్‌క్యాప్షన్ ట్యాగులే ఇస్తుంది. ఈ వాక్యం ఈ ఫొటోదేనని, చూపులేనివాళ్లకు పేజీ చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి అలా తెలుస్తుంది. క్యాప్షన్ ఉంది కదా అని ఆల్ట్ (ఫొటోకి కోడ్‌లో రాసే వివరణ) వదిలేయకూడదు. ఫొటో చూడలేనివాళ్లకు అందులో ఏముందో చెప్పేది అదే. ఇదంతా మీవాడు తన మాటల్లో చెప్పగలిగితే మీ బావమరిది తీర్పు కొట్టేయొచ్చు.

ఇంకో పని చెప్పండి: క్యాప్షన్లు తెలుగులో పెట్టమనండి. ఆ పట్టీలో టైటిల్ ఒకే వరుసలో ఉంటుంది, పొడవైతే చివర చుక్కలు పడి ఆగిపోతుంది. లైన్ ఎత్తు 24 పిక్సెళ్లకు బిగించి ఉండటంతో కొన్ని ఫాంట్లలో కింది వత్తులూ తెగొచ్చు. దాన్ని సరిచేయడానికి, పేజీ రూపం దిద్దే సీఎస్ఎస్‌తో కుస్తీ పడితే చాలా వస్తుంది.

ఫుల్‌స్టాక్ కోర్సుల మీద నాకు అనుమానమే. నాలుగు నెలల్లో ఫ్రంటెండ్ (కంటికి కనిపించే పేజీ), నోడ్ (సర్వర్ వైపు జావాస్క్రిప్ట్), డేటాబేస్, క్లౌడ్ అన్నీ నేర్పుతామంటారు. బ్యాచ్ బ్యాచంతా ఒకే షాపింగ్ సైట్ నకలు రెజ్యూమెలో పెట్టుకుని బయటికొస్తుంది. ఒక్క లైను ఎందుకు రాశావని అడిగితే నీళ్లు నములుతారు. బట్టీపట్టిన పేర్లా, అవీ నిలవవు. మెటీరియల్ యూఐ 5వ వెర్షన్‌కల్లా ‘గ్రిడ్ లిస్ట్’ పోయి ‘ఇమేజ్ లిస్ట్’ వచ్చింది. ఇలాంటి పేజీని ఇప్పుడు ఏఐ నిమిషాల్లో రాసిస్తుంది, అందులో తప్పు పట్టగలవాడే కావాలి.

డేటా సైన్స్ సంగతి చిన్నది. ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ ఇష్టమేనా అని అబ్బాయిని అడగండి. కాదంటే ఆ ఊసే వద్దు.

అడగమంటున్నానంటే కారణముంది. మీ ఉత్తరంలో బావమరిది మాట ఉంది, మీ మాట ఉంది, అబ్బాయి మాట మాత్రం లేదు. ‘మళ్లించాలా’ అంటున్నారు, ఇరవై ఏళ్లవాడు కాలవ నీళ్లా మళ్లించడానికి? అసలు వాడు చేసిన పేజీ మీ ఫోన్‌లో ఒక్కసారైనా తెరిచి చూశారా?

ఈ సెలవులకు ఎక్కడా ఫీజు కట్టకండి. జావాస్క్రిప్ట్ గట్టిపడ్డాక, సర్వర్ వైపు పని కూడా నేర్చుకుంటానని వాడే అడిగితే ఆ ఒక్కదానికే చేర్చండి. ప్యాకేజీ మొత్తం తీసుకుంటే తగ్గింపు ఇస్తామంటారు, ఒప్పుకోకండి.