ఏడో పేజీలో ఉన్న వల

ప్రియమైన తమ్ముడికి,

వందనాలు. అణు విద్యుత్తు మీద క్రైస్తవ దృక్పథం గురించి నువ్వు రాసిన వ్యాసం అంది మూడు వారాలైంది. మొదటిసారి చదివినప్పుడు ఐదో పేజీ దగ్గర ఆపేసి పక్కన పెట్టేశాను. ఒక్క మాట వల్ల. "కూడంకుళం అణు కేంద్రానికి వ్యతిరేకంగా చర్చి అమాయక మత్స్యకారులను కూడగట్టింది" అని రాశావు. ఆ "అమాయక" నీ మాట కాదని, ఎక్కడో చదివి తెచ్చుకున్నదని తెలుస్తూనే ఉంది. అయినా కోపం వచ్చింది.

నేను ఆ కేంద్రం పక్కనున్న ఇడింతకరై అనే తమిళనాడు జాలరి పల్లెకు వెళ్లాను తమ్ముడూ. 2012 జనవరిలో, ఏ పత్రికా పంపకుండా, నా డబ్బులతో. అక్కడ లూర్దుమాత చర్చి ముందు పెద్ద పందిరి. అణు కేంద్రం వద్దంటూ దీక్షలో కూర్చున్న ఆడవాళ్లు కూర్చున్నచోటే బీడీలు చుడుతున్నారు. దీక్ష చేసినా ఇల్లు గడవాలి కదా. నాకు తమిళం రాదు. కాలేజీలో చదివే ఒకమ్మాయి ఇంగ్లీషులో చెబుతానని పక్కన కూర్చుంది. నేను పుస్తకం తీసి ఏదో అడగబోయేలోపే ఒక పెద్దావిడ నన్ను అడిగింది: "మీ ఇల్లు సముద్రానికి ఎంత దూరం?" హైదరాబాద్‌లో ఉంటానని చెప్పాను. ఆవిడ తలూపి మళ్లీ బీడీ చుట్టుకుంది. నేను తీసుకెళ్లిన ప్రశ్నలు నేను అడగలేదు. వాళ్లు చెప్పింది విన్నాను.

2004 సునామీ వాళ్ల కళ్లముందు వచ్చింది. 2011 మార్చిలో జపాన్‌లో సునామీకి ఫుకుషిమా అణు కేంద్రం పేలడం టీవీలో చూశారు. రెండూ కలిపి చూసుకోవడానికి వాళ్లకు ఎవరి సహాయమూ అక్కర్లేకపోయింది. యంత్రాలను చల్లబరిచిన నీళ్లు వేడిగా తిరిగి సముద్రంలో కలిస్తే ఏ చేప ఎటు తప్పుకుంటుందని అడిగారు. అబ్దుల్ కలాంగారు 2011 నవంబరులో వచ్చి కేంద్రం పూర్తిగా సురక్షితమని చెప్పి వెళ్లారు. ఆయన్ని తప్పు పట్టలేదు, మా దగ్గర కూర్చోలేదు అని మాత్రం అన్నారు. వీళ్లా అమాయకులు?

పైగా చర్చి వాళ్లను కూడగట్టడమేమిటి? రాజీవ్ గాంధీ, సోవియట్ నాయకుడు గోర్బచేవ్ కూడంకుళం ఒప్పందం మీద సంతకాలు చేసింది 1988 నవంబరులో. ఆర్నెల్లు తిరక్కుండానే, 1989 మే 1న, దేశం నలుమూలల నుంచీ మత్స్యకారులు నీళ్లను కాపాడుకుందామంటూ కన్యాకుమారికి నడిచి వచ్చారు. అక్కడ పోలీసులు కాల్పులు జరిపారు. థామస్ కొచ్చేరి అనే కాథలిక్ ఫాదర్ ఆ మత్స్యకారుల మధ్యే ఉండి పనిచేసినవాడు. నాకు కనిపించినంతలో జనమే చర్చిని ఒడ్డుకు లాక్కొచ్చారు. 2011 నుంచి వేలమంది మీద రాజద్రోహం కేసులు పెట్టారు. 2012 సెప్టెంబరు 10న అదే తీరంలోని మణపాడులో పోలీసు కాల్పులకు ఒక జాలరి చనిపోయాడు. 2013 మేలో సుప్రీంకోర్టు అణు కేంద్రాన్ని నడపవచ్చని చెప్పింది. ఇవేవీ నీ వ్యాసంలో లేవు. కైపర్ మాత్రం నాలుగు పేజీలు ఉన్నాడు.

కైపర్‌ను చదవొద్దని కాదు. ఆయన దైవశాస్త్రజ్ఞుడు, 1901 నుంచి 1905 దాకా నెదర్లాండ్స్ ప్రధాని. కుటుంబం, సంఘం, ప్రభుత్వం దేని హద్దులో అది ఉండాలన్నాడు. మంచి మాట. మరి ఆయన వారసులు అణు విద్యుత్తు ఎదురైనప్పుడు ఏం చేశారో ఎందుకు రాయలేదు? కైపర్ పార్టీ మరో రెండు క్రైస్తవ పార్టీలతో 1980లో కలిసిపోయింది. 1981 నుంచి 1983 దాకా ఆ దేశమంతా ఊరూరా కూర్చుని ఇంధనం గురించి చర్చించుకుంది. కొత్త అణు కేంద్రాలు వద్దని తేలింది. అయినా 1985లో ఆ క్రైస్తవ పార్టీ నడిపిస్తున్న ప్రభుత్వమే కట్టాలని నిర్ణయించింది. మరుసటి ఏడాది సోవియట్ దేశంలో చెర్నోబిల్ అణు కేంద్రం పేలకపోతే కట్టేసేవారే. జనాన్ని అడిగారు, విన్నారు, పక్కన పెట్టారు. నువ్వు తవ్వాల్సింది ఇక్కడ. సిద్ధాంతం నిజంగా పరీక్షకు నిలబడింది అక్కడే.

కాథలిక్కుల దగ్గరా ఇలాంటి మాటే ఉంది. కిందివాళ్లు తేల్చుకోగలిగిన విషయాన్ని పైవాళ్లు లాక్కోకూడదని 1931లో పోప్ రాసిన లేఖ చెప్పింది. ఇడింతకరై పెద్దావిడ అడిగిన ప్రశ్న దానికంటే చిన్నది, దానికంటే పదునైనది. వాటికన్ 1957 నుంచే అంతర్జాతీయ అణుశక్తి సంస్థలో ఉంది. 2011 నవంబరులో జపాన్ బిషప్పులు తమ దేశంలో అణు కేంద్రాలన్నీ వెంటనే మూసేయమన్నారు. 2019లో జపాన్ నుంచి తిరిగొస్తూ పోప్ ఫ్రాన్సిస్, పూర్తి భద్రత వచ్చేదాకా తానైతే అణుశక్తి వాడనని, అది తన సొంత అభిప్రాయమని చెప్పారు. ఒకే చర్చిలో ఇన్ని మాటలున్నాయి. "క్రైస్తవ దృక్పథం ఏమనగా" అని నువ్వు ఏ ధైర్యంతో మొదలుపెట్టావు?

నలభై ఏళ్లుగా నేను చెప్పేది ఒక్కటే, విసుగైనా విను. బైబిల్ వచనం ముందు పెట్టి రాయకు. ఆదికాండం మొదటి అధ్యాయంలో భూమిని "లోపరచుకొనుడి" అని ఉంది కాబట్టి అణువును చీల్చవచ్చని ఒకరు, రెండో అధ్యాయంలో తోటను "కాచుటకును" అని ఉంది కాబట్టి కూడదని ఇంకొకరు. నువ్వు రెండూ పక్కపక్కన పెట్టి సమతూకం అనుకున్నావు. రెండు వచనాలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాక పాఠకుడి చేతిలో ఏం మిగిలింది? ముందు మనిషిని చూపించు, ఒడ్డును చూపించు. ఎవరికి కరెంటు వస్తుంది, ఎవరి ఇల్లు పోతుంది, ఎవరిని అడిగారు, ఇవి రాయి. అప్పటికీ వచనం కావాలనిపిస్తే అదే వచ్చి కూర్చుంటుంది.

1986లో నేను ఇంటర్‌లో ఉన్నాను. మా ఊరి సువార్త కూటాల్లో ఒక ప్రసంగీకుడు చెర్నోబిల్ అంటే బైబిల్లోని ప్రకటన గ్రంథంలో ఆకాశం నుంచి రాలి నీళ్లను చేదుచేసే మాచిపత్రి అనే నక్షత్రమేనని గంటసేపు గర్జించాడు. జనం వణికిపోయారు. మంటలార్పడానికి వెళ్లి చనిపోయిన కుర్రాళ్ల గురించి ఒక్క ముక్క చెప్పలేదు, వాళ్లకోసం ప్రార్థన కూడా చేయించలేదు. మా నాన్న సంఘకాపరి. ఆ రాత్రి ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఆ కుర్రాళ్ల తల్లుల కోసం ప్రార్థన చేశాడు. రాయడం అంటే ఏమిటో నాకు ఆ పూట తెలిసింది.

ఇడింతకరై మీద నేను రాసిన వ్యాసం కథ కూడా చెప్పాలి. ఒక క్రైస్తవ మాసపత్రికకు పంపితే రాజకీయాలు మాకొద్దన్నారు. ఒక దినపత్రికకు పంపితే మతం తీసేయమన్నారు. చివరికి వేసినవాళ్లు పందిరిలో చెప్పుకున్న జపమాల ప్రార్థన కోసేసి, పోలీసుల పేరా కోసేసి, నేను పెట్టని శీర్షిక పెట్టారు. ఆ ఊళ్లో ప్రార్థన, పోరాటం రెండు కావు. విడదీస్తే రెండూ చచ్చిపోతాయి. ఇప్పటికీ తెలుగు పత్రికల్లో ఈ రెంటికీ మధ్య గోడ అలాగే ఉంది. నువ్వు దాన్ని ముందే ఊహించుకుని గోడకు ఇటుపక్కే రాసుకున్నావు, అదే నా బాధ.

నువ్వు అణు విద్యుత్తు కావాలనే వైపున్నా నాకు అభ్యంతరం లేదు. బొగ్గు పొగ కూడా మనుషుల్ని చంపుతుంది. మీ శ్రీకాకుళం జిల్లాకు ఇది చెప్పక్కర్లేదు. సోంపేటలో 2010 జులై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయింది బొగ్గు విద్యుత్ కేంద్రం కోసమే. బొగ్గయినా అణువైనా మీ ఒడ్డునే వెతుక్కుంటూ వస్తున్నాయి. కొవ్వాడలో ఆరు అణు రియాక్టర్లు, ఒక్కొక్కటి 1208 మెగావాట్లు అంటున్నారు. ఆ కరెంటు ఎంతమందికో అవసరం కావచ్చు. అదీ రాయి, దాచకు. కానీ బైబిల్లో అహాబు రాజు నాబోతు అనే రైతును ద్రాక్షతోట అడిగినప్పుడు బదులుగా ఇంకా మంచి తోట ఇస్తాననే అన్నాడు, డబ్బూ ఇస్తానన్నాడు. నాబోతు ఎందుకు వద్దన్నాడో మీవాళ్లకు తెలిసినంతగా కైపర్‌కు తెలియదు.

రెండోసారి చదివినప్పుడు ఏడో పేజీకి వచ్చాను. "మా మామయ్య వల ఆరబెట్టుకునే ఇసుకలో సర్వే రాయి పాతారు. ఆయన దాని చుట్టూనే వల పరుస్తున్నాడు." ఈ రెండు వాక్యాలకు కన్నీళ్లొచ్చాయి. తర్వాతి వాక్యంలో నువ్వు మళ్లీ యూరప్ వెళ్లిపోయావు.

కలంపేరు సంగతి, ఏ పత్రికకు పంపాలన్న సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం. క్రిస్మస్‌కు ఊరెళ్తావు కదా. మామయ్య వల పరిచేటప్పుడు పక్కన కూర్చో. ఆ రాయి పాతిన రోజు ఎవరెవరొచ్చారో, ఈయన్ని ఏమని పిలిచారో, ఏమైనా అడిగారో లేదో కనుక్కో. రాసి, చేతిరాతలోనే పంపు.

మీ అక్క