మీ ఉత్తరంలో పేరు లేని ఆ సబ్జెక్టు

పశువైద్య డిగ్రీ పూర్తిచేసిన మీ అమ్మాయి పీజీలో పశువుల వీర్యద్రవంలోని (వీర్యంలో శుక్రకణాలు పోగా మిగిలే ద్రవంలోని) ప్రొటీన్లపై పరిశోధన చేస్తానంటున్నదనీ, దానికన్నా కంప్యూటర్ ముందు కూర్చొని చేసే ప్రోటియోమిక్స్ (ఒక నమూనాలోని ప్రొటీన్లన్నింటినీ ఒకేసారి గుర్తించి కొలిచే పద్ధతి) విశ్లేషణ నేర్చుకుంటే మేలేమో పోల్చి చెప్పమనీ రాశారు. అయితే, ఉత్తరమంతా "ఆ సబ్జెక్టు" అంటూ వచ్చి, దాని పేరును చివరి వాక్యంలో మాత్రమే రాశారు. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కావు. పైకి అడిగేది ఉద్యోగాల గురించి, లోపలి దిగులు నలుగురిలో ఏమని చెప్పుకోవాలన్నది. అయిదేళ్లకు పైగా పశువుల గర్భకోశాలను పరీక్షించడం నేర్చుకున్న అమ్మాయికి లేని సంకోచం మీకెందుకండీ?

ఆమె ఎంచుకున్నది చిన్న విషయం కాదు. వృషణం నుంచి బయటపడేసరికి శుక్రకణం కొత్త ప్రొటీన్లను తయారుచేసుకునే శక్తిని దాదాపు కోల్పోతుంది కనుక, ఆ తరువాత దానిలో వచ్చే మార్పులు చాలావరకు చుట్టూ ఉన్న ద్రవాన్ని బట్టే ఉంటాయి. ఆబోతు వీర్యద్రవంలో అత్యధికంగా ఉండే బీఎస్‌పీ1 అనే ప్రొటీన్, శుక్రకణపు పొరకు అంటుకొని కొంత కొలెస్టరాల్‌ను బయటికి లాగి, అండాన్ని ఫలదీకరించే యోగ్యతకు దానిని సిద్ధం చేస్తుంది. అదే ప్రొటీన్‌తో ఎక్కువసేపు కలిసి ఉంటే పొర బలహీనపడి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో నిల్వచేయడాన్ని తట్టుకోలేదు. వీర్యాన్ని పలుచన చేసి నిల్వ ఉంచే ద్రావణమైన ఎక్స్‌టెండర్‌లో కలిపే కోడిగుడ్డు పచ్చసొనలోని లిపోప్రొటీన్లు ఆ ప్రొటీన్లను పట్టి ఉంచి శుక్రకణాన్ని కాపాడతాయి. మేకపోతు దగ్గర ఇదే పచ్చసొన బెడిసికొడుతుంది: దాని వీర్యద్రవంలోని ఒక ఎంజైము పచ్చసొనలోని కొవ్వు పదార్థమైన లెసిథిన్‌ను విడగొట్టి శుక్రకణాలకు హాని చేసే పదార్థాలను పుట్టిస్తుంది కాబట్టి, ముందుగా వీర్యద్రవాన్ని కడిగి తీసివేయడం పరిపాటి. లామా వంటి ఒంటె జాతి జంతువుల్లోనైతే, ఆడజంతువులో అండం విడుదల కావడానికి కారణం వీర్యద్రవంలోని, నరాల పెరుగుదలకు తోడ్పడే ప్రొటీనైన నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టరేనని 2012లో తేలింది.

ఇక మీరు మోజుపడుతున్న ప్రోటియోమిక్స్ గురించి నాకు అనుమానాలున్నాయి. చూడి బాగా నిలిపే ఆబోతులనూ నిలపలేని వాటినీ కొన్నింటిని తీసుకొని, వందల ప్రొటీన్ల జాబితా తయారుచేసి, తేడా కనిపించిన ప్రతిదానినీ సంతానశక్తికి గుర్తుగా ప్రకటించే పత్రాలను చాలా చూశాను. ఒక జాబితా మరొక జాబితాతో కలవదు, కలిసినా అది కారణమో కేవలం సహచరమో తెలియదు. వీర్యద్రవంలోని ఒక ప్రొటీన్ అయిన ఆస్టియోపాంటిన్‌కూ ఆబోతుల సంతానశక్తికీ సంబంధం 1990లలోనే కనిపించినా, ఒక్క ప్రొటీన్ కొలతతో ఆబోతును ఎంపికచేసే పద్ధతి స్థిరపడలేదు. నిజాయితీగా చెప్పాలంటే మీ అమ్మాయి రంగంలోనూ అతిశయోక్తులున్నాయి. వీర్యద్రవం లేనిదే పని జరగదన్నట్టు రాస్తారు గానీ, అది తగలని, ఎపిడిడిమిస్ (వృషణం పక్కన శుక్రకణాలు నిల్వ ఉండే నాళం) నుంచి తీసిన శుక్రకణాలతోనూ చూడి కట్టించవచ్చు.

ఉద్యోగాల పోలిక క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మీరు భయపడినంత తేడా లేదు. వీర్యసేకరణ కేంద్రాల నాణ్యతా ప్రయోగశాలలు, పిండ మార్పిడి యూనిట్లు, ఎక్స్‌టెండర్ తయారీ సంస్థలు, బోధన: వీటన్నింటికీ వీర్యాన్ని స్వయంగా పరీక్షించి, గడ్డకట్టించి, కరిగించి చూసిన చెయ్యి కావాలి. విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌ను ఆమె ఆ పనిలో భాగంగానే నేర్చుకోగలదు. ఆ అనుభవాన్ని మాత్రం సాఫ్ట్‌వేర్ నేర్పదు.

సీటు ఖరారు చేసుకునే ముందు గైడుగారిని ఆమె రెండు విషయాలు అడగాలి: ప్రయోగశాలకు వీర్యసేకరణ కేంద్రంతో నేరుగా సంబంధం ఉందా, తాను పరీక్షించే ఆబోతుల చూడి రికార్డులు తన చేతికి ఇస్తారా.