సూర్యుడి మీద నేరం మోపే ముందు డాబా మీద ట్యాంకు నీడ చూసుకోండి

"భూమి వేడెక్కుతోందంటే సూర్యుడి వల్లే కదా, మనమేం చేశాం? ఇంటి మీద సోలార్ పెడితే మాత్రం ఒరిగేదేంటి?" అని ఒకాయన అడిగారు.

మొదటి ముక్కకి జవాబు చిన్నదే. సూర్యుడే ఎక్కువ కాస్తుంటే గాలి పొరలన్నీ పైనుంచి కిందిదాకా వేడెక్కాలి. జరుగుతున్నది అది కాదు. కింది పొర వేడెక్కుతుంటే పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. హవాయిలోని మౌనా లోవా కొండ మీద 1958లో కొలత మొదలైనప్పుడు 315 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 315 పాళ్లు) ఉన్న, వేడిని పట్టి ఉంచే కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. అగ్నిపర్వతాల పనేమో అంటారు కొందరు. బొగ్గూ చమురూ ఒకప్పటి మొక్కలూ నాచూ కాబట్టి వాటిలో కార్బన్-13 (కార్బన్‌లోనే కాస్త బరువైన రకం) వాటా తక్కువ. గాలిలోనూ ఆ వాటా తగ్గుతూ వస్తోంది. అగ్నిపర్వతాల కార్బన్ అయితే దాన్ని అలా తగ్గించదు. ఇక దీని మీద వాదన అనవసరం.

అసలు సంగతి రెండో ముక్కలో ఉంది. 3 కిలోవాట్లకి 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, సుమారు 300 చదరపు అడుగుల చోటు కావాలి. మన ఎండకి రోజుకి సగటున 12 యూనిట్లు వస్తాయి. మన గ్రిడ్‌లో యూనిట్‌కి దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్క, అంటే రోజుకి 8 కిలోలు తగ్గినట్టు. కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్యఘర్ కింద 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది, కానీ దేశంలో తయారైన సెల్స్ ఉన్న డీసీఆర్ ప్యానెళ్లకే.

ఈ 12 యూనిట్లని మింగేది చాలా ఇళ్లలో నీళ్ల ట్యాంకే. డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నరకి డాబా ఎక్కి చూడండి. పదడుగుల ఎత్తున్న ట్యాంకు నీడ ఇరవై అడుగుల దాకా ఈశాన్యంగా సాగుతుంది. ప్యానెళ్లన్నీ ఒకే తీగకి సీరీస్‌లో ఉంటాయి కాబట్టి, ఒకదాని మూల మీద అరచేయంత నీడ పడినా మొత్తం కరెంటు తగ్గాలి. అలా కాకుండా ప్రతి ప్యానెల్‌లో మూడు బైపాస్ డయోడ్లుంటాయి, నీడ పడిన మూడో వంతుని పక్కకి తప్పిస్తాయి. అరచేయంత నీడకి మూడో వంతు ప్యానెల్ పోయిందన్నమాట. డయోడ్ కాలిపోతే నీడలోని సెల్ వేడెక్కి గోధుమరంగు మచ్చ కడుతుంది. ప్యానెళ్లని ట్యాంకుకి దక్షిణంగా పెడితే ఈ గొడవ చాలావరకు ఉండదు. మేస్త్రీకి వీలుగా ఉందని ఉత్తరం మూల ఇచ్చేస్తారు, సర్వేకి వచ్చినవాళ్లు జూన్‌లో వచ్చి నీడ లేదని రాసుకుపోతారు.

మేలో ఎండ దంచుతుంటే యూనిట్లు ఎందుకు తగ్గాయని ఇంకో అనుమానం. ప్యానెల్ మీద రాసిన వాట్ల లెక్క 25 డిగ్రీల సెల్ వేడికి ఇచ్చింది. 65కి చేరితే, డిగ్రీకి 0.35 శాతం చొప్పున 14 శాతం పోతుంది. అందుకే కింద గాలి ఆడేలా స్టాండు ఎత్తుగా ఉండాలి. ఉప్పు బోరు నీళ్లతో మిట్టమధ్యాహ్నం కడిగితే తెల్లటి చార మిగులుతుంది, పొద్దున్నే కడగండి.

ప్యానెళ్ల డీసీ కరెంటుని ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే ఇన్వర్టర్ మధ్యాహ్నం దానంతటదే ఆగిపోతుంటే ముందు మీటరు దాకా వేసిన వైరు మందం చూడండి. సన్న వైరైతే వోల్టేజి హద్దు దాటి ట్రిప్ అవుతుంది. ఎర్త్ గుంతలు మూడుండాలి: డీసీకొకటి, ఏసీకొకటి, పిడుగు కడ్డీకొకటి. ఒక్కటే తవ్వి మూడింటికీ డబ్బులు తీసుకునేవాళ్లున్నారు, మన్ను కప్పకముందే నిలబడి చూడాలి.

కరెంటు పోతే బ్యాటరీ లేని ఆన్-గ్రిడ్ (బయటి లైనుకి కలిపిన) ఇన్వర్టర్ కూడా ఆగుతుంది. మన ప్యానెళ్ల కరెంటు లైన్లోకి పోయి స్తంభమెక్కిన లైన్‌మన్‌కి షాక్ కొట్టకూడదు కదా.

మిగిలింది రాత్రి సంగతి. శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రంలో 150 మెగావాట్ల రివర్సిబుల్ టర్బైన్లు ఆరున్నాయి. పగలు మిగిలిన కరెంటుతో నీళ్లని తిరిగి పైకి తోడి, రాత్రి దించి కరెంటు తీయొచ్చు. ఇలాంటివీ బ్యాటరీలూ పెరగనిదే, మీ డాబా మీద ఎన్ని ప్యానెళ్లున్నా రాత్రి ఎనిమిదింటికి మీ ఫ్యాను తిరిగేది ఎక్కువగా బొగ్గు కరెంటుతోనే.