పాఠకుల ప్రశ్నలు: మాల్దీవ్స్ చివర దాచిన రేవు

పోయిన నెల 1942లో వైజాగ్ మీద పడ్డ జపాన్ బాంబుల గురించి నాలుగు ముక్కలు రాశాం కదా, దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈమధ్య దేనికీ రాలేదు. విచిత్రం ఏంటంటే అందులో సగం మాల్దీవ్స్ దగ్గరికే వెళ్లి ఆగాయి. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే.

ప్రశ్న: చీపుగా వస్తుందని రాజధాని మాలే వైపు కాకుండా బాగా కిందున్న గాన్ దీవికి హనీమూన్‌కి వెళ్లాం. అక్కడ రెండు పెద్ద ఫిరంగులు పెట్టి యుద్ధ స్మారకం అన్నారు. మాల్దీవ్స్‌లో యుద్ధం ఎప్పుడు జరిగింది? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

హనీమూన్‌కి వెళ్లి ఫిరంగులు చూసొచ్చారంటే మీకో దండం అండీ. అక్కడ పెద్ద యుద్ధమేమీ జరగలేదు, యుద్ధం కోసం దాక్కున్నారు అంతే. గాన్ ఉన్నది అడ్డూ అటాల్‌లో (అటాల్ అంటే గుండ్రంగా ఉండే పగడపు దీవుల గుంపు), మాల్దీవ్స్ మొత్తానికి దక్షిణం చివర, భూమధ్యరేఖ దాటి కొంచెం కిందకి. దీవులన్నీ దండలా చుట్టూ ఉంటాయి, మధ్యలో లోతైన నీళ్లు, లోపలికి రావడానికి ఉన్న దారులు తక్కువ, వాటికి వలలు కట్టేస్తే టార్పెడోలు కూడా రావు. సిలోన్ (ఇప్పటి శ్రీలంక) రేవులు కొలంబో, ట్రింకోమలీ ఎక్కడున్నాయో జపాన్ వాళ్లకి ముందే తెలుసు, ఎవరికీ తెలియని మూడో చోటు ఒకటి కావాలని బ్రిటిష్ నేవీ దీన్ని పట్టుకుంది, కాగితాల మీద కూడా అసలు పేరు రాయకుండా పోర్ట్ టి అని పిలిచేవాళ్లు. పేరేమో అడ్డూ, నేవీకి అదే అడ్డా (తెలుగువాడిగా ఈ మాట అనకుండా ఉండలేకపోయాను, మన్నించండి).

1941 రెండో సగంలో రాయల్ మెరైన్లు దిగి దీవుల మీద ఆరంగుళాల ఫిరంగులు బిగించారు, మీరు చూసినవి అలాంటివే. తర్వాత గాన్ మీద కొబ్బరిచెట్లు కొట్టేసి ఎయిర్‌స్ట్రిప్ వేశారు, మధ్యలో నీళ్ల మీద సీప్లేన్లు దిగేవి. జపాన్ కంటే ముందు వీళ్లని పడగొట్టింది మాత్రం రోగాలు. మలేరియా ఒకటి, పొదల్లో ఉండే చిన్న పురుగులు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ ఇంకొకటి, మన దగ్గర కూడా అప్పుడప్పుడు పేపర్లో కనపడుతుంది కదా అదే. బ్రోషర్లలో స్వర్గంలా కనపడే చోట మెరైన్లు గుంపులు గుంపులుగా మంచాలెక్కారు.

ప్రశ్న: మా నాయనమ్మ బాంబులు పడ్డ రోజు పిల్లల్ని ఎత్తుకుని పల్లెకి పారిపోయిన కథ చెప్పేది. బ్రిటిష్ వాళ్లకి అంత పెద్ద నేవీ ఉండి మన తీరాన్ని ఎందుకు కాపాడలేదు? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

దీనికి సమాధానం అడ్డూలోనే ఉంది, కొంచెం ఓపికగా చదవండి.

సింగపూర్ 1942 ఫిబ్రవరి 15న పడిపోయింది. మార్చి నెలాఖరుకి బ్రిటిష్ వాళ్లకి రహస్య కబురు, ఏప్రిల్ 1న జపాన్ క్యారియర్లు (విమానాలు మోసే యుద్ధనౌకలు) కొలంబో మీద పడబోతున్నాయని. ఇటువైపు బ్రిటిష్ నేవీ దళానికి పెద్ద అయిన అడ్మిరల్ సోమర్విల్ తన ఓడలన్నీ తీసుకుని సిలోన్‌కి దక్షిణంగా కాపు కాశాడు, ఒక రోజు చూశాడు, రెండు రోజులు చూశాడు, ఏప్రిల్ 2 దాటినా ఎవరూ రాలేదు. ఈలోగా ఓడల్లో మంచినీళ్లు అయిపోవచ్చాయి, నవ్వొస్తుంది గానీ నిజం, ఆయన దగ్గరున్న అయిదు యుద్ధనౌకల్లో నాలుగు మొదటి ప్రపంచ యుద్ధం నాటి పాత సరుకు, ఇంత దూరం తిరగడానికి కట్టినవి కావు. సరే కబురు తప్పు అయ్యుంటుందని నీళ్లు, ఆయిల్ పట్టుకోవడానికి అడ్డూకి వెనక్కి తిరిగాడు, డోర్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు క్రూయిజర్లని కొలంబోకి, హెర్మిస్ అనే క్యారియర్‌ని ట్రింకోమలీకి పంపేశాడు.

ఏప్రిల్ 4 మధ్యాహ్నానికి సోమర్విల్ అడ్డూలో లంగరు దించాడో లేదో, ఆ సాయంత్రమే సిలోన్ నుంచి ఎగిరిన బర్చల్ అనే కెనడా పైలట్‌కి జపాన్ ఓడలు కనపడ్డాయి. అతని విమానాన్ని కూల్చేశారు, పట్టుకుపోయారు, కానీ కూలేలోపు వైర్‌లెస్‌లో కబురు పంపేశాడు. అడ్డూకీ కొలంబోకీ మధ్య వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు, ఆయిల్ ఇంకా పూర్తిగా పట్టలేదు, ఎంత పరిగెత్తినా అందే దూరం కాదు. మర్నాడు ఈస్టర్ ఆదివారం, కొలంబో మీద బాంబులు. కలవడానికి వస్తున్న ఆ రెండు క్రూయిజర్లు దార్లోనే మునిగి 400 మందికి పైగా పోయారు, 9వ తేదీన హెర్మిస్ కూడా పోయింది.

మన సంగతికి వస్తే, అదే సమయంలో ఒజావా అనే అడ్మిరల్ వేరే దళంతో బంగాళాఖాతంలోకి దూరాడు. ర్యూజో అనే చిన్న క్యారియర్ అతని దగ్గరుంది. కాపలా లేకుండా తిరుగుతున్న సరుకు ఓడల్ని కొన్ని రోజుల్లోనే 20కి పైగా ముంచేశాడు, ఏప్రిల్ 6న ర్యూజో విమానాలు వైజాగ్ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఎదురెళ్లడానికి ఇటువైపు చెప్పుకోదగ్గ ఓడ ఒక్కటీ లేదు, ఉన్నవన్నీ అటు అడ్డూ దగ్గర. నన్నడిగితే సోమర్విల్ చేసింది పిరికితనం కాదు, ఎదురెళ్లి ఉంటే మొత్తం పోగొట్టుకునేవాడు, కానీ ఆ లెక్కలో మన తీరం ఎవరికీ గుర్తు లేదన్నది కూడా నిజమే. మీ నాయనమ్మగారి లెక్కే కరెక్టు, పిల్లల్ని ఎత్తుకుని పరిగెత్తడం. అప్పుడు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది, చూడకపోతే చూసిరండి.

ప్రశ్న: జపాన్ వాళ్లు అడ్డూని చివరికైనా కనిపెట్టారా? (ఒక పాఠకుడు, కాకినాడ)

ఆ దాడి జరిగినన్నాళ్లూ లేదు. అడ్డూని కొట్టింది జర్మన్లు, అదీ రెండేళ్ల తర్వాత. బ్రిటిష్ లాయల్టీ అని ఒక ఆయిల్ ట్యాంకర్ ఉండేది, పాపం దాని జాతకమే బాగోలేదు, 1942 మేలో మడగాస్కర్ దగ్గర జపాన్ బుల్లి సబ్‌మెరైన్ కొడితే మునిగింది, పైకి లేపి అడ్డూకి లాక్కొచ్చి ఆయిల్ డ్రమ్ములా వాడుకున్నారు. 1944 మార్చి 9న యు-183 అనే జర్మన్ సబ్‌మెరైన్ లోపలికి రాకుండానే, వలల మధ్య సందులోంచి బయటి నుంచే టార్పెడో వదిలి దాన్ని మళ్లీ కొట్టింది. మళ్లీ తేల్చారు, చివరికి 1946లో వాళ్లే ముంచేశారు. ఇప్పుడు అక్కడ స్కూబా వాళ్లకి అదే పెద్ద అట్రాక్షన్.

ప్రశ్న: అక్కడి జనం సంగతి ఎవరూ రాయరేం? (ఒక పాఠకురాలు, ఒంగోలు)

మంచి ప్రశ్న. యుద్ధం అయ్యాక బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోయారు, కానీ సిలోన్‌లో బండారనాయకే ప్రభుత్వం మీ బేస్‌లు ఖాళీ చేయండి అనేసరికి 1957లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ మళ్లీ గాన్‌కే వచ్చింది, సింగపూర్ వెళ్లే విమానాలకి మధ్యలో ఆగే చోటు కావాలి కదా. 2,600 మీటర్ల రన్‌వే అంటే దీవి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా. గాన్ వాళ్లని పక్కనున్న ఫేదూకి పంపారు, ఫేదూ వాళ్లలో చాలామందిని మరదూకి జరిపారు. ప్రాజెక్టు కింద ఊళ్లు పోయినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

బేస్‌లో ఉద్యోగాలొచ్చాయి, చేతిలో డబ్బులు ఆడాయి, మాలే ప్రభుత్వం ఆ డబ్బుల మీద, ఉద్యోగాల మీద పెత్తనం చేయబోయేసరికి 1959 జనవరిలో దక్షిణాది మూడు అటాల్స్ కలిసి సువాదివ్ అని సొంత దేశమే ప్రకటించుకున్నాయి! అధ్యక్షుడు అబ్దుల్లా అఫీఫ్, అంతకుముందు బ్రిటిష్ వాళ్లకీ జనానికీ మధ్య మాట సాయం చేసే ఉద్యోగి. మొదట్లో బ్రిటిష్ వాళ్లు చూసీచూడనట్టు ఊరుకున్నారు, మాలేతో 30 ఏళ్ల లీజు కుదిరాక చెయ్యి వదిలేశారు. 1963లో అఫీఫ్‌ని బ్రిటిష్ ఓడే ఎక్కించి సీషెల్స్‌లో దింపింది, ఆ లీజు కూడా పూర్తి చేయకుండా 1976లో వాళ్లే మూట కట్టేశారు. మరుసటి ఏడాది ఏటా పది లక్షల డాలర్లు ఇస్తాం మాకివ్వండి అని సోవియట్లు అడిగితే మాలే వద్దంది. అక్కడికి దాదాపు 700 కిలోమీటర్ల దక్షిణంగా డీగో గార్షియాలో ఇప్పుడు అమెరికా వాళ్లున్నారు, అక్కడ ఖాళీ చేయించిన జనం గోడు ఇంకో కాలమ్‌కి సరిపోతుంది.

ప్రశ్న: చూడాలంటే ఎలా వెళ్లాలి? (ఒక పాఠకుడు, గుంటూరు)

మాలే నుంచి 500 కిలోమీటర్లకు పైనే, గాన్‌కి ఫ్లైట్ ఉంది, దిగేది ఆ పాత మిలిటరీ రన్‌వే చోటే. ఎయిర్‌ఫోర్స్ వాళ్ల మెస్ తర్వాత హోటల్ అయింది. గాన్ నుంచి హితదూ దాకా దీవుల్ని కలుపుతూ రోడ్డుంది, 14 కిలోమీటర్లు ఉంటుందేమో, ఎత్తుపల్లాలు లేవు, సైకిల్ తీసుకుంటే హాయిగా తిరగొచ్చు. మధ్యాహ్నం పూట మాత్రం బయల్దేరకండి, మన గుంటూరు ఎండకి అలవాటు పడ్డాం కదా అనుకోవద్దు, ఆ ఉక్కపోత వేరు.