డాలస్ గుడిలో తుపాకుల మాట ఎత్తితే ఏమైంది

గుడి తరఫున గన్ కంట్రోల్ గురించి మాట్లాడితే పన్ను మినహాయింపు పోతుందా, హెచ్1బి మీద ఉన్నవాళ్లు ఏమైనా చేయొచ్చా అని అడిగారు. మా కమిటీ కూడా మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. పన్ను మినహాయింపు ఉన్న గుడిలాంటి సంస్థ, అంటే 501(సి)(3) సంస్థ, ఫలానా అభ్యర్థికి ఓటేయమనీ, వేయొద్దనీ చెప్పకూడదు. ఒక బిల్లు కావాలని అడగడం, సంస్థ పనిలో అది పెద్ద భాగం కానంతవరకు, తప్పు కాదు.

2023 మే 6న డాలస్ దగ్గర అలెన్ మాల్‌లో ఎనిమిది మందిని కాల్చి చంపారు. అందులో మన తెలుగమ్మాయి కూడా ఉంది. రెండు రోజులకే, 2022లో బడిలో జరిగిన కాల్పుల్లో పిల్లల్ని పోగొట్టుకున్న యువాల్డే తల్లిదండ్రులు పట్టుబట్టిన బిల్లు టెక్సస్ శాసనసభ కమిటీలో 8-5తో గట్టెక్కింది. కొన్ని రకాల సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు కొనే వయసును 18 నుంచి 21కి పెంచే బిల్లు అది. మేం దీపాలు పెట్టి, దణ్ణం పెట్టుకుని, శాసనసభ్యులకు ఫోన్లు మొదలుపెట్టేసరికి బిల్లు సభ ముందుకు రావాల్సిన గడువు దాటిపోయింది. సభలో ఓటింగుకే రాలేదు. టెక్సస్ శాసనసభ బేసి సంవత్సరాల్లో, జనవరి నుంచి 140 రోజులే నడుస్తుంది. ఆ సంగతి కూడా నాకు అప్పుడే తెలిసింది, సిగ్గేసింది.

"మనకెందుకండీ రాజకీయాలు" అన్న పెద్దాయన ఒకరు ఉన్నారు. అందుకని చట్టం మాట పక్కనపెట్టి గుడి తలుపుతో మొదలుపెట్టాం. లైసెన్సు ఉన్నవాళ్లను తుపాకీతో రావద్దనడానికి 30.06, 30.07 బోర్డులు, లేనివాళ్లకు 30.05 (ఇవి టెక్సస్ శిక్షాస్మృతిలో సెక్షన్ల నంబర్లు). మొదటి రెండూ ఇంగ్లిషులో, స్పానిష్‌లో, అంగుళం ఎత్తు అక్షరాలతో ఉండాలి. కింద తెలుగులో ఒకటి పెట్టాం, చట్టం కోసం కాదు, మనవాళ్లు చదువుతారని.

బోర్డు పెట్టిన రోజే ఆ పెద్దాయన నన్ను పక్కకి పిలిచి, బంగారం కోసం ఇళ్లలో దొంగలు పడుతున్నారని తనూ ఒక తుపాకీ కొన్నానన్నారు. అది బీరువాలో, బట్టల కింద. ఇంట్లో ఆరేళ్ల మనవడు! గుళ్లు నింపిన తుపాకీని అందేలా వదిలేసి, అది 17 ఏళ్లలోపు పిల్లల చేతికి చిక్కితే టెక్సస్‌లో నేరమని ఆయనకు తెలియదు. చాలాచోట్ల పోలీసులే తుపాకీకి వేసే కేబుల్ తాళాలు ఉచితంగా ఇస్తారు. ఇప్పుడు ప్రసాదం కౌంటర్ పక్కన ఆ తాళాల డబ్బా పెట్టుకుని కూర్చునేది ఆయనే. కొత్త చట్టాలంటే మాత్రం ఇప్పటికీ నాతో వాదనే.

ఇక హెచ్1బి సంగతి. ఓటు లేకపోయినా మీ ప్రతినిధికి ఫోన్ చేయొచ్చు, రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో శాసనసభ కమిటీ ముందు పేరు నమోదు చేసుకుని మాట్లాడొచ్చు. రెండు మూడు నిమిషాలే ఇస్తారు, రాత్రిదాకా కూర్చోబెట్టొచ్చు, పులిహోర పట్టుకెళ్లండి. గ్రీన్ కార్డు వచ్చేదాకా ఏ అభ్యర్థి ప్రచారానికీ డాలరు కూడా ఇవ్వకండి, అది చట్టవిరుద్ధం.